ఎండుమిర్చి టిక్కీలకు బ్లాక్‌చైన్ ట్రేసబిలిటీ: చిన్న ఎఫ్‌పీఓ ఎక్కడ మొదలుపెట్టాలి?

పల్నాడు_మిర్చి

నమస్కారం అండీ. పల్నాడు జిల్లాలో మాది 240 మంది రైతుల ఎఫ్‌పీఓ (రైతు ఉత్పత్తిదారుల సంస్థ). తేజ, 341 రకాలు కలిపి ఈ ఏడాది 410 ఎకరాలు వేశారు. సభ్యుల్లో సగానికి పైగా కౌలుదారులే. ఇప్పటిదాకా సరుకంతా గుంటూరు యార్డుకో, కోల్డ్ స్టోరేజీకో పోతోంది. అక్కడికి చేరాక ఏ టిక్కీ (మిర్చి సంచి) ఎవరిదో తేలదు.

మందుల అవశేషాలు తక్కువగా ఉన్న కాయను విడిగా కొంటామని ఒక ఎగుమతిదారు ముందుకొచ్చారు. ప్రతి టిక్కీ ఏ పొలం నుంచి వచ్చిందో చూపించాలన్నది వాళ్ల షరతు. ఈలోగా ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ బ్లాక్‌చైన్ (రాశాక చెరపలేని ఉమ్మడి చిట్టా) యాప్ ఇస్తామని వచ్చింది. క్యూఆర్ స్కాన్ చేస్తే రైతు ఫొటో, పొలం మ్యాప్, ల్యాబ్ రిపోర్టు అన్నీ కనిపిస్తాయట.

నా సందేహాలు ఇవి. బ్లాక్‌చైన్ లేకుండా మామూలు డేటాబేస్‌తో ఈ పని కాదా? కళ్లం దగ్గర నుంచి ఏమేం రాయాలి? గోనె సంచికి అంటించిన క్యూఆర్ కోల్డ్ స్టోరేజీలో నిలుస్తుందా? కౌలు రైతును ఏ పేరు మీద ఎక్కించాలి? పని తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. జనవరిలో కోతలు మొదలవుతాయి.

లాటు_లెక్క

యాప్ సంగతి పక్కన పెట్టండి. లాటు అంటే ఏమిటో మీ సంస్థలో అందరూ ముందు ఒక మాట మీదికి రావాలి. అది తేలకుండా ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా తప్పుడు లెక్కలే చేరతాయి. బ్లాక్‌చైన్‌లో అయితే వాటిని చెరపడానికి కూడా ఉండదు.

మిర్చికి పనికొచ్చే లాటు ఇది: ఒక రైతు, ఒక పొలం, ఒక రకం, ఒక కోత. మొదటి కోత కాయకు, మూడో కోత కాయకు రంగులో తేడా ఉంటుంది, తాలు (రంగు వెలిసిన నాసి కాయ) శాతంలో తేడా ఉంటుంది, అన్నిటికన్నా ముఖ్యంగా చివరిసారి కొట్టిన మందుకీ కోతకీ మధ్య రోజుల్లో తేడా ఉంటుంది. రెండు కోతలు కళ్లంలో ఒకే పట్ట మీద కలిశాయా, ఆ లాటు అక్కడితో చెడిపోయినట్టే. కాబట్టి మొదటి కాగితం కళ్లం దగ్గరే పుట్టాలి: పట్ట నంబరు, కోత తేదీ, ఎండబెట్టడం మొదలైన తేదీ. కళ్లంలో కర్ర పాతి అట్టముక్క కట్టినా చాలు. ఇది కట్టని చోట మిగతా సాంకేతికత ఏదీ అక్కరకు రాదు.

రెండో ఘట్టం కాటా. ఇక్కడ ఐదు అంకెలు తప్పవు: టిక్కీల సంఖ్య, ఒక్కొక్క టిక్కీ బరువు, ఖాళీ సంచి తరుగు, తేమ శాతం, తాలు శాతం. బరువు రాసి తేమ వదిలేస్తే ఏమవుతుందో లెక్క వేసి చూడండి. 10 శాతం తేమ ఉన్న 100 కేజీల కాయలో పొడి పదార్థం 90 కేజీలు. టిక్కీల్లో తొక్కేటప్పుడు కాయ విరగకుండా నీళ్లు చల్లుతారు కదా, దాంతో తేమ 13 శాతానికి పెరిగితే 90ని 0.87తో భాగించాలి, 103.4 కేజీలు వస్తుంది. అంటే 100కి 3.4 కేజీలు నీళ్లే. అవి కోల్డ్ స్టోరేజీలోనో ఎగుమతిదారు గోడౌన్‌లోనో ఆరిపోయాక 'సరుకు తగ్గింది, ఎవరో తీశారు' అనే తగవు వస్తుంది. తేమ రాసి ఉంటే ఆ తగవుకు తావే లేదు. పైగా ఆ నీళ్లే బూజుకు, అఫ్లటాక్సిన్‌ అనే బూజు విషానికి దారి. విడి లాట్లకు నీళ్లు చల్లవద్దని ముందే రాసుకోండి. కాయ మరీ పెళుసుగా ఉంటే తెల్లవారుజామున మంచుకు కాస్త మెత్తబడ్డాక నింపించండి.

ఇక అసలు గండి. విడి సరుకుకు ధర ఎక్కువ అనగానే పక్క పొలం కాయ మీ సభ్యుడి పేరు మీద లోపలికి వస్తుంది. దాన్ని ఏ బ్లాక్‌చైనూ పట్టుకోలేదు, ఎందుకంటే రాసేవాడు రాసినదాన్నే అది భద్రంగా దాస్తుంది. పట్టుకునేది ఎకరా లెక్క. మీ ఊళ్లో ఆ రకానికి ఎకరాకు గట్టిగా 22 క్వింటాళ్లు దాటదనుకుందాం. రెండెకరాల రైతుకు 44 క్వింటాళ్లు, టిక్కీకి 42 కేజీల చొప్పున 105 టిక్కీలు. ఆ రైతు ఖాతా కింద అన్ని కోతలకూ కలిపి 105 ట్యాగులే విడుదల కావాలి. 106వ ట్యాగు కావాలంటే ఫీల్డ్ మనిషి పొలానికి వెళ్లి చూసి, మరొకరితో పాటు సంతకం చేయాలి. ట్యాగులు రైతు చేతికి ముందుగా ఇవ్వకండి. కాటా దగ్గర సంచి కుట్టేటప్పుడే పెట్టాలి. చెడిపోయిన ట్యాగులు కూడా లెక్కకు రావాలి.

ఇదే లెక్క ప్రతి మెట్టులో నడవాలి. పచ్చి పండుకాయ ఎంత, ఎండుకాయ ఎంత. కాయ ఎంత, తొడిమ తీశాక ఎంత. మిల్లులో పోసింది ఎంత, పొడి ఎంత. మూడు నాలుగు కేజీల పండుకాయకు కేజీ ఎండుకాయ వస్తుందని అందరికీ తెలిసిందే, కానీ పుస్తకం అంకె పెట్టుకోవద్దు. మీ కళ్లంలోనే రెండు మూడు లాట్లు తూచి మీ అంకె కట్టుకోండి. వచ్చింది పోసినదానికన్నా ఎక్కువ ఉంటే సిస్టమ్ ఆ లాటును ఆపేయాలి. యాప్ కంపెనీని మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: 'బరువు సరిపోకపోతే మీ యాప్ ఆపుతుందా, ఊరికే ఎక్కించుకుంటుందా?'

ట్యాగు నిలుస్తుందా అని అడిగారు. మామూలు థర్మల్ కాగితం స్టిక్కర్ నిలవదు. ఎండకు అక్షరాలు వెలిసిపోతాయి, చల్లగదిలో చెమ్మకు జిగురు వదిలేస్తుంది, గోనె పీచుకు అసలే అతుక్కోదు. పాలిప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ ట్యాగు మీద రెజిన్ రిబ్బన్‌తో ముద్రించి సంచి మూతి కుట్టులో కలిపి కుట్టాలి. క్యూఆర్ కనీసం 4–5 సెంటీమీటర్లు ఉండాలి, తప్పు సవరణ స్థాయి 'హెచ్'లో పెట్టాలి. అప్పుడు దాదాపు 30 శాతం చెరిగినా చదువుతుంది. ఆ స్థాయిలో గళ్లు ఎక్కువవుతాయి కాబట్టి లోపల పొడవాటి లింకు పెట్టకుండా చిన్న నంబరు పెట్టండి. అదే నంబరు కింద పెద్ద అంకెల్లో అచ్చయి ఉండాలి. మిర్చి దుమ్ములో ఫోన్ కెమెరా చూపు పోయినప్పుడు హమాలీ చదివి చెప్పేది ఆ అంకెలే.

చల్లగదిలో సంచి చిరిగితే కొత్త గోనెలోకి మారుస్తారు. అప్పుడు పాత ట్యాగు రద్దు, కొత్త ట్యాగు జారీ, రెండిటికీ ముడి. ఇవి మూడూ ఒకే ఎంట్రీగా పడాలి. చాలా పథకాలు సరిగ్గా ఇక్కడే తెగిపోతాయి, ఎందుకంటే చల్లగదిలో పనిచేసేది మీ మనుషులు కాదు. స్టోరేజీ యజమానితో ముందే ఒప్పందం రాసుకోండి.

మొదటి ఏడాది 410 ఎకరాలు వద్దు. 40 మంది, 60 ఎకరాలు తీసుకోండి. ఎకరాకు 20 క్వింటాళ్లు అనుకున్నా దాదాపు 2,860 టిక్కీలు అవుతాయి. ఇద్దరు మనుషులు, రెండు ఫోన్లు, ఒక ప్రింటరు, ఒక తేమ మీటరుతో నడిచే పని అది.

నోడ్_కాపలా

పైన చెప్పింది అక్షరాలా నిజం. సాంకేతిక భాగం నేను చెబుతాను.

మామూలు డేటాబేస్ చాలదా అన్నారు. రాసేది, ఉంచేది, చూపించేది మీ ఎఫ్‌పీఓ ఒక్కటే అయితే చాలు. ద్రాక్ష ఎగుమతికి అపెడా (కేంద్ర వ్యవసాయ ఎగుమతుల సంస్థ) 2006లో పెట్టిన గ్రేప్‌నెట్ బ్లాక్‌చైన్ లేకుండానే మొదలై ఏళ్ల తరబడి నడిచింది. తోట నమోదు, ల్యాబ్ రిపోర్టు, ప్యాక్‌హౌస్, సర్టిఫికెట్ అన్నీ ఒకే కేంద్ర వ్యవస్థలో నడుస్తాయి. అది నిలబడింది, ఎందుకంటే మధ్యలో అందరూ ఒప్పుకునే సర్కారు సంస్థ ఉంది. మీకు అలాంటి పెద్దమనిషి లేకుండా ఎఫ్‌పీఓ, కోల్డ్ స్టోరేజీ, మిల్లు, ఎగుమతిదారు అనే నలుగురు ఉన్నారు. 'మీరు తర్వాత మార్చారు' అని ఒకరినొకరు అనగలిగే పరిస్థితి ఉంది. అక్కడే బ్లాక్‌చైన్‌కు పని. అది చేసేది రెండే: ఎవరు ఏ క్షణాన ఏం రాశారో తర్వాత మార్చకుండా పట్టి ఉంచడం, ఆ రుజువు నలుగురి దగ్గరా ఉండడం.

వాల్‌మార్ట్ మామిడి కథ మీ కంపెనీ వాళ్లు తప్పకుండా చెబుతారు. మామిడి ముక్కల పొట్లం ఏ తోటదో వెతకడానికి 6 రోజుల 18 గంటలు పట్టేది, హైపర్‌లెడ్జర్ ఫ్యాబ్రిక్ అనే బ్లాక్‌చైన్ సాఫ్ట్‌వేర్ మీద పెట్టాక 2.2 సెకన్లకు తగ్గిందని. నిజమే. కానీ ఆ ఆదా ఎక్కువగా కాగితాలు కంప్యూటర్‌లోకి ఒకే నమూనాలో ఎక్కడం వల్ల వచ్చింది. మన దగ్గర కళ్లం కాగితమే లేదు కాబట్టి ముందు అది.

మన సరుకుకు సంబంధించి ఇంకో సంగతి. 2021 ఏప్రిల్‌లో స్పైసెస్ బోర్డు, యూఎన్‌డీపీ (ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ) కలిసి ఆంధ్రప్రదేశ్‌లో ఎంపిక చేసిన జిల్లాల్లో 3,000 మందికి పైగా మిర్చి, పసుపు రైతులతో బ్లాక్‌చైన్ ట్రేసబిలిటీ పైలట్‌కు ఒప్పందం చేసుకున్నాయి. కాఫీ బోర్డు అంతకు ముందే 2019 మార్చిలో బ్లాక్‌చైన్ ఆధారిత కాఫీ మార్కెట్‌ను పైలట్‌గా మొదలుపెట్టింది. సొంతంగా అంతా కట్టేముందు స్పైసెస్ బోర్డు ఆఫీసులో ఒకసారి కనుక్కోండి.

ఇప్పుడు మీ పరిమాణానికి రెండు దారులు.

ఒకటి, ఫ్యాబ్రిక్ లాంటి అనుమతి గొలుసు, అంటే అనుమతి ఉన్నవాళ్లే రాయగల బ్లాక్‌చైన్. నలుగురు భాగస్వాములకూ తలో నోడ్ (గొలుసు నకలు ఉంచే కంప్యూటర్) ఉండాలి. ఆర్డరర్లు (ఎంట్రీలను వరసలో పెట్టే కంప్యూటర్లు) మూడు ఉంటే ఒకటి పడిపోయినా నడుస్తుంది, ఐదు ఉంటే రెండు పడిపోయినా నడుస్తుంది. ఎండార్స్‌మెంట్ నియమం, అంటే ఏ ఎంట్రీకి ఎవరి సంతకం కావాలన్నది, ఇలా పెట్టాలి: సరుకు లోపలికి వెళ్లిన ఎంట్రీకి ఎఫ్‌పీఓ, కోల్డ్ స్టోరేజీ ఇద్దరి సంతకం, బయటికి పంపిన ఎంట్రీకి ఎఫ్‌పీఓ, ఎగుమతిదారు ఇద్దరి సంతకం. కంపెనీ వాళ్లు నోడ్లన్నీ తమ ఒక్క క్లౌడ్ ఖాతాలోనే పెడతామంటే ఒప్పుకోకండి. అప్పుడు అన్ని తాళాలూ (డిజిటల్ సంతకానికి వాడే రహస్య కోడ్‌లు) ఒకరి చేతిలోనే ఉంటాయి, ఆ ఒకరు తలచుకుంటే గొలుసు మొత్తం తిరగరాయగలరు. ఇంకో చిక్కు: ఫ్యాబ్రిక్‌లో సర్టిఫికెట్లు జారీచేసే భాగం (సీఏ) మామూలుగా ఇచ్చే నమోదు సర్టిఫికెట్ గడువు ఒక ఏడాది. జనవరిలో మొదలుపెట్టిన వ్యవస్థ సరిగ్గా మరుసటి జనవరిలో, కోతల మధ్యలో, 'అనుమతి లేదు' అంటుంది. పునరుద్ధరణ తేదీ నవంబరులో క్యాలెండర్‌లో రాసి పెట్టండి.

రెండో దారి మీకు నేను సూచించేది. రికార్డులన్నీ మామూలు డేటాబేస్‌లో ఉంచి, ఆ రోజు పడిన ఎంట్రీలన్నిటికీ ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్‌లు (ఎంట్రీ నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్యలు) తీసి, వాటిని జతలుగా కలుపుతూ మర్కిల్ చెట్టుగా కట్టి, రాత్రికి ఆ చెట్టు వేరు (రూట్) హ్యాష్ ఒక్కదాన్ని మాత్రం ఎవరైనా చూడగల బహిరంగ గొలుసులో ముద్ర వేయించడం. ఆ వేరు 32 బైట్లే. ఒక రోజున 128 ఎంట్రీలు పడితే వాటిలో ఒకదాన్ని నిరూపించడానికి 7 హ్యాష్‌లు చాలు, మిగతా 127 ఎంట్రీలు ఎవరికీ చూపించనక్కర్లేదు. ఓపెన్‌టైమ్‌స్టాంప్స్ అనే సేవ ద్వారా బిట్‌కాయిన్‌లో ముద్ర వేయించుకుంటే రుసుము లేదు. రుజువు పూర్తవడానికి కొన్ని గంటలు పడుతుంది, మనకు తొందర లేదు. 120 రోజుల సీజనుకు 120 ముద్రలు. ఆ రుజువు ఫైళ్లు ప్రతి వారం ఎగుమతిదారుకు, కోల్డ్ స్టోరేజీకి మెయిల్ చేసేయండి.

హ్యాష్‌లో తెలుగు వాళ్లకే ఎదురయ్యే చిక్కు ఒకటుంది, దీన్ని కోడు రాసేవాళ్లకు తప్పక చెప్పండి. 'పైడమ్మ' అన్న పేరులో ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు. ఒకటి, 'ై' అనే ఒకే గుర్తు. రెండోది, ఎత్వం గుర్తు, దాని తర్వాత కింద చేరే 'ౖ' అనే ముక్క, మొత్తం రెండు గుర్తులు. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, హ్యాష్‌లకు మాత్రం పోలికే ఉండదు. ఒక ఫోన్ కీబోర్డు ఒకలా, పాత ఫైలు నుంచి తెచ్చిన జాబితా ఇంకోలా ఇస్తే ఆరు నెలల తర్వాత తనిఖీలో 'రికార్డు మార్చారు' అని తేలుతుంది, నిజానికి ఎవరూ ఏమీ మార్చి ఉండరు. హ్యాష్ తీసేముందు పాఠాన్ని ఎన్‌ఎఫ్‌సీ రూపానికి (ఇలాంటి రెండు రాతలనూ ఒకటి చేసే యూనికోడ్ పద్ధతి) మార్చాలి. 'రాజ్‌కుమార్' లాంటి పేర్లలో పొల్లు తర్వాత కంటికి కనిపించని విభజన అక్షరం ఒకటి ఉంటుంది. దాన్ని ఎన్‌ఎఫ్‌సీ తీసేయదు కాబట్టి ఉంచాలో తీయాలో మీరే నియమం పెట్టుకోవాలి. జేసన్ (డేటా రాసే ఒక రూపం) వాడుతుంటే దాన్ని ఒకే తీరుగా రాయించే ఆర్‌ఎఫ్‌సీ 8785 ప్రమాణం పాటించండి. అది గడుల వరసను సరిచేస్తుంది కానీ యూనికోడ్ జోలికి పోదు. బరువును 42.5 అని కాక 42500 గ్రాములు అని పూర్ణాంకంగా రాస్తే 42.5, 42.50 గొడవ ఉండదు.

చివరిగా, రైతు పేరు, ఫోను, ఆధార్ గొలుసులో పెట్టనే వద్దు, వట్టిగా హ్యాష్ చేసి కూడా వద్దు. మొబైల్ నంబరు 6 నుంచి 9 లోపు అంకెతో మొదలవుతుంది కాబట్టి ఉండేవి 400 కోట్ల నంబర్లే. ఒక మంచి గ్రాఫిక్స్ కార్డు అన్నిటికీ హ్యాష్ తీసి పోల్చడానికి కొన్ని సెకన్లు చాలు. ప్రతి రికార్డుకూ 16 బైట్ల యాదృచ్ఛిక ఉప్పు (ఎవరూ ఊహించలేని అదనపు అంకెలు) కలిపి హ్యాష్ తీయండి, ఆ ఉప్పును డేటాబేస్‌లోనే ఉంచండి. 2023 వ్యక్తిగత డేటా చట్టం కింద రైతు తన వివరాలు తీసేయమంటే రికార్డునూ ఉప్పునూ చెరిపేస్తే గొలుసులో మిగిలిన హ్యాష్ నుంచి ఎవరూ ఏమీ రాబట్టలేరు.

పల్నాడు_మిర్చి

ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. ట్యాగుల కోటా మాకు తట్టనే లేదు. ఇంకో మూడు అడుగుతాను. కళ్లాల దగ్గర సిగ్నల్ ఉండదు, అప్పుడెలా? తప్పు రాస్తే దిద్దేదెలా? ల్యాబ్ రిపోర్టు అప్‌లోడ్ చేసి హ్యాష్ పెడితే కొనేవాళ్లకు సరిపోతుందా?

శాంపిల్_సీలు

ల్యాబ్ ప్రశ్నకు నేను చెబుతాను. రిపోర్టు పీడీఎఫ్‌ను తర్వాత ఎవరూ మార్చలేదని హ్యాష్ చెబుతుంది. ఆ రిపోర్టులోని కాయ మీ లాటుదేనని చెప్పదు. శాంపిల్ సంచికి సీలు నంబరు ఉండాలి. ఆ నంబరు లాటు రికార్డులో శాంపిల్ తీసిన రోజే పడాలి, ల్యాబ్ రిపోర్టు మీద కూడా అదే నంబరు అచ్చవ్వాలి. శాంపిల్ తీసేటప్పుడు ఎగుమతిదారు మనిషి పక్కన ఉంటే మేలు. ఒకే శాంపిల్‌ను కలిపి మూడు భాగాలు చేయండి: ఒకటి ల్యాబుకు, ఒకటి ఎగుమతిదారుకు, ఒకటి సీలుతో మీ దగ్గర.

అఫ్లటాక్సిన్ విషయంలో జాగ్రత్త. మిరపకాయకు యూరప్ పరిమితి బీ1 అనే రకానికి కేజీకి 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10. ఈ విషం లాటంతా సమంగా ఉండదు. వెయ్యి కాయల్లో నాలుగైదు బూజు కాయల్లోనే గుమిగూడి ఉంటుంది. పై టిక్కీ నుంచి గుప్పెడు తీసి పంపితే 'లేదు' అని వస్తుంది, అదే సరుకు అవతలి రేవులో ఫెయిలవుతుంది. ఎక్కువ టిక్కీల నుంచి, పైన మధ్య అడుగున కొద్దికొద్దిగా తీసి, అంతా కలిపి పొడి చేసి, ఆ పొడి నుంచి పరీక్షకు తీయాలి. కాయగా ఉండగా భాగాలు చేస్తే మూడు భాగాలకూ మూడు ఫలితాలు వస్తాయి, తగవు అక్కడే పుడుతుంది. కాబట్టి అఫ్లటాక్సిన్ కోసమైతే మూడు భాగాలూ పొడి చేశాకే చేయండి. ఎన్ని టిక్కీల నుంచి తీశారు, ఎంత బరువు తీశారు అన్నది కూడా రికార్డులో పెట్టండి. ఆ రెండు అంకెలు లేని రిపోర్టుకు తెలిసిన కొనుగోలుదారు విలువ ఇవ్వడు.

మందుల అవశేషాలకు వస్తే, విడిగా పరిమితి పెట్టని మందుకు యూరప్‌లో మామూలుగా వర్తించేది కేజీకి 0.01 మిల్లీగ్రాము. మూడు నాలుగు కేజీల పండుకాయ కేజీ ఎండుకాయ అవుతుంది కాబట్టి ఎండలో విరగని మందు అన్ని రెట్లు చిక్కబడుతుందని గుర్తుంచుకోండి. 2021 నుంచి నల్ల తామర పురుగు వచ్చి రైతులు మందుల మీద మందులు కొట్టాల్సి వచ్చింది, వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. రికార్డులో మాత్రం బ్రాండు పేరుతో పాటు లోపలి మందు పేరు, శాతం, మోతాదు, తేదీ, కోతకు ఎన్ని రోజుల ముందు అన్నవి ఉండాలి. ఒకే మందు పది బ్రాండ్లుగా అమ్ముతారు, రైతుకు తెలిసేది సీసా రంగు. అందుకే ఖాళీ సీసా లేబుల్, దుకాణం బిల్లు ఫొటో తీయించండి. 'బయో' అని కొన్న సీసాలో లేబుల్ మీద లేని రసాయనం బయటపడిన సందర్భాలు ఉన్నాయి. అలా జరిగితే రైతు నిజం రాసినా లాటు ఫెయిలవుతుంది. బ్యాచ్ నంబరు ఫొటో ఉంటే తప్పు ఎక్కడిదో చూపించుకోగలరు, రైతు మీద మాట పడదు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో రైతుకు దక్కే గొప్ప రక్షణ అదే.

పరీక్షలు 60 ఎకరాల్లో ప్రతి లాటుకూ చేయించలేరు, ఖర్చు తట్టుకోలేరు. ఒకే ఊరు, ఒకే మందుల పట్టిక, ఒకే కోత ఉన్న లాట్లను ఒక గుంపుగా కట్టి గుంపుకొక పరీక్ష చేయించండి. ఫెయిలైతే దాచిన శాంపిళ్లతో ఒక్కొక్క రైతుది విడిగా చేయిస్తే చెడింది తేలుతుంది, మిగతావాళ్ల సరుకు బతుకుతుంది. ఒక హెచ్చరిక: పదిమంది కాయ కలిపితే ఒకరి అవశేషం పదో వంతుకు పలచబడి 'పాస్' అని రావచ్చు. గుంపు చిన్నదిగా, నలుగురైదుగురితో పెట్టుకోండి. గుంపు ఫలితం పరిమితిలో ఐదో వంతు దాటినా విడి పరీక్షకు పోండి.

నోడ్_కాపలా

సిగ్నల్ లేని చోట ఎంట్రీ ఫోన్‌లోనే సంతకమై వరసలో నిలబడాలి, సాయంత్రం నెట్ తగిలాక పోవాలి. రెండు సమయాలు విడివిడిగా ఉండాలి: రాసిన సమయం, సర్వర్‌కు చేరిన సమయం. రెండిటి మధ్య 48 గంటలు దాటితే ఆ ఎంట్రీని వేరుగా చూపించమనండి, సీజను చివర కూర్చుని ఒక్కరోజులో నింపేసిన రికార్డులు అలా బయటపడతాయి. ఫోన్ గడియారం ఎవరైనా వెనక్కి తిప్పొచ్చు, అందుకే ప్రతి ఎంట్రీలో ఆ ఫోన్ నుంచి వెళ్లిన ముందటి ఎంట్రీ హ్యాష్ కూడా పెట్టించండి. వరస తెగితే తెలిసిపోతుంది.

దిద్దుబాటు అంటే పాతది చెరపడం కాదు. '4250 అని రాశాం, 425.0 సరైనది, కారణం దశాంశ చుక్క పడలేదు' అంటూ పాత ఎంట్రీ నంబరు చూపిస్తూ కొత్తది రాయాలి, రాసినవాడు కాక రెండో మనిషి సంతకం చేయాలి. షరాబు చిట్టాలో కొట్టివేత మీద పొట్టి సంతకం పెట్టినట్టే. సంతకం తాళాలు ఉద్యోగి ఫోన్‌లో ఉంటాయి కాబట్టి ఫోన్ పోయినా, మనిషి మానేసినా ఆ రోజే ఆ తాళం రద్దు చేసే పద్ధతి ఉండాలి. రైతులకు తాళాలు ఇస్తామనే ప్రతిపాదన వస్తే వద్దనండి. ఫోన్ మారిస్తే తాళం పోతుంది, చివరికి అవన్నీ మీ ఆఫీసు బీరువాలోనే చేరతాయి.

కంపెనీతో ఒప్పందంలో ఒక వాక్యం తప్పక పెట్టండి: రికార్డులన్నీ, హ్యాష్ రుజువులన్నీ ప్రతి నెలా సీఎస్‌వీ లేదా జేసన్‌గా మీకు అందాలి, వాళ్ల యాప్ లేకుండానే సరిచూసుకునే వీలుండాలి. మెర్స్క్, ఐబీఎం కలిసి నడిపిన ట్రేడ్‌లెన్స్ లాంటి భారీ ఓడ సరుకుల బ్లాక్‌చైన్ వేదికనే 2022 నవంబరులో మూసేస్తున్నట్టు ప్రకటించారు. రంగంలో అందరూ కలిసి రాలేదన్నది వాళ్లు చెప్పిన కారణం. ఎంట్రీల నమూనాకు జీఎస్1 వాళ్ల ఈపీసీఐఎస్ (సరుకు కదలికలు రాసే అంతర్జాతీయ ప్రమాణం) వాడమనండి, రేపు ఎగుమతిదారు మారినా డేటా పనికొస్తుంది.

సాగు_పత్రం

కౌలు ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు కాబట్టి రాస్తున్నాను. ఆంధ్రప్రదేశ్ 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద వచ్చే సాగు హక్కు పత్రానికి యజమాని సంతకం కావాలి, గడువు 11 నెలలు. చాలామంది యజమానులు సంతకం పెట్టరు, కాబట్టి ఆ పత్రాన్ని మీ సభ్యత్వానికి షరతుగా పెట్టకండి. పెడితే సగం మంది పేర్లు మాయమై యజమానుల పేర్లు ఎక్కుతాయి, డబ్బు కూడా ఆ ఖాతాల్లోకే పోతుంది. ప్రభుత్వ ఈ-పంట నమోదులో సాగుదారు పేరు ఉంటే అది తీసుకోండి. లేకపోతే పక్క పొలాల ఇద్దరి సాక్షి సంతకాలు, పొలంలో నిలబడి తీసిన ఫొటో, నాలుగు మూలల జీపీఎస్ గుర్తులతో మీ సొంత సాగుదారు రికార్డు కట్టుకోండి. ఎకరా పొలం చదరంగా ఉంటే ఒక్కో వైపు 64 మీటర్లు ఉంటుంది, ఫోన్ జీపీఎస్ ఐదు పది మీటర్లు తప్పినా సరిపోతుంది.

క్యూఆర్ పేజీలో రైతు ఫొటో, సర్వే నంబరు, మ్యాప్ కనిపిస్తాయన్నారు కదా, అది తీసేయించండి. సర్వే నంబరు పక్కన కౌలుదారు పేరు మార్చలేని గొలుసులో పడిందని తెలిస్తే, రేపు హక్కు అడగడానికి సాక్ష్యం కూడబెడుతున్నాడని యజమాని అనుకుంటాడు. మరుసటి ఏడాది ఆ రైతుకు పొలం దొరకదు. బయటివాళ్లకు ఊరు, మండలం, రకం, కోత నెల చాలు. పొలం వివరాలు ఎగుమతిదారు ఆడిటర్‌కు, అది కూడా అడిగినప్పుడే. అరకు కాఫీ రైతుల పరిస్థితి వేరు. అడవుల నరికివేత మీద యూరప్ తెచ్చిన చట్టం కాఫీకి పొలం అక్షాంశ రేఖాంశాలు ఆరు దశాంశాల దాకా అడుగుతుంది. ఆ జాబితాలో మిర్చి లేదు, మీకు ఆ అవసరం రాదు.

కోల్డ్ స్టోరేజీ బాండు (సరుకు రసీదు) మీద అప్పు తీసుకునే సభ్యులుంటే ఒక మాట. ఒకే సరుకు మీద రెండు చోట్ల అప్పు రాకుండా చూడ్డానికి బ్లాక్‌చైన్ పెడతామని ఎవరైనా అంటే, ఆ పనికి 2017 నుంచి ఎలక్ట్రానిక్ గోదాము రసీదులు ఉన్నాయి. మీ స్టోరేజీకి డబ్ల్యూడీఆర్‌ఏ (గోదాముల నియంత్రణ సంస్థ) నమోదు ఉందో లేదో అడగండి.

పల్నాడు_మిర్చి

పేజీలో ఫొటో, సర్వే నంబరు తీసేయమని కంపెనీకి ఇప్పుడే చెప్పాను. కాటా అవగానే రైతుకు ఎస్ఎంఎస్ పంపాలనుకుంటున్నాం, ఇలా:

'కాటా: 20 టిక్కీలు, 842.5 కేజీ, తేమ 10.8%. లాటు 0117. తేడా ఉంటే 2 రోజుల్లో చెప్పండి.'

బాగుందా?

లాటు_లెక్క

బాగుంది, ఈ మెసేజ్ పెట్టకుండా మాత్రం మొదలుపెట్టకండి. రైతు చూసుకునే రుజువు అదొక్కటే. కోత నంబరు, సంచి తరుగు చేర్చండి: '842.5 కేజీ' సంచి తీసేశాకనా, సంచితోనా అన్న అనుమానం మొదటి రోజే వస్తుంది. తెలుగులో ఒక ఎస్ఎంఎస్‌కు 70 అక్షరాలే, దాటితే ముక్కకు 67 చొప్పున లెక్క. ఒత్తులు, గుణింతాలు కూడా అక్షరాలుగానే పడతాయి. మీది ఇప్పటికే 70 దాటి రెండు ముక్కలు అయింది, ఆ రెండూ చేర్చినా 134 లోపే ఉంటుంది, అంతకు మించనీయకండి.

టెంప్లేటును టెలికాం కంపెనీల డీఎల్‌టీ (వ్యాపార మెసేజ్‌ల నమోదు) పోర్టల్‌లో ముందే నమోదు చేయించాలి, లేకపోతే మెసేజ్ వెళ్లదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనలతో వచ్చిన ఆ డీఎల్‌టీ కూడా బ్లాక్‌చైన్ కుటుంబానిదే. ఆమోదానికి రోజులు పడుతుంది కాబట్టి డిసెంబరు మొదట్లోనే పెట్టేయండి. మారే అంకెలున్న చోట్ల ఖాళీ గుర్తులు పెట్టడం మర్చిపోతే 20, 842.5 అచ్చంగా అవే అంకెలున్న మెసేజ్ తప్ప ఇంకేదీ పోదు.